దడ మాత్రదా, కాఫీదా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్. మూడు నెలల కిందట సైకియాట్రిస్టు నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) ఉందని చెప్పి మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టారు. పొద్దున ఒకటి వేసుకుంటే రోజంతా పనిచేసే రకం. ముందు 18 మిల్లీగ్రాములు, నెల నుంచి 36. పని కుదురుగా సాగుతోంది, అందులో అబద్ధం లేదు. కానీ 36కి మార్చినప్పటి నుంచి పదకొండయ్యేసరికి గుండె దడ, చేతులు వణుకు. రాత్రి పదకొండున్నరకి పడుకుంటే ఒంటిగంటైనా నిద్ర రాదు. నేను కాఫీ మనిషిని. ఏడింటికి ఇంట్లో ఫిల్టర్ కాఫీ, ఎనిమిదిన్నరకి మాత్ర, పదిన్నరకీ రెండింటికీ ఆఫీసు మెషీన్ కాఫీ, నాలుగింటికి చాయ్. సాయంత్రం అమెరికా వాళ్లతో కాల్స్ ఉంటాయి కాబట్టి ఆరింటికి ఒక ఎనర్జీ డ్రింక్, ఏడింటికి తలనొప్పి మాత్ర. ఇవేవీ డాక్టరు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆదివారాలూ, మందు షాపులో దొరకని రోజుల్లోనూ మాత్ర మానేసి కాఫీతోనే నెట్టుకొస్తాను. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య అక్కడ ఏడీహెచ్‌డీకి ఇచ్చే ఆడరాల్ వేసుకుంటూ నాలుగు కాఫీలు తాగుతాడు, వాడికేం కావట్లేదు. అమ్మేమో ఆ మాత్రలు ఆపేసి కాఫీతో సరిపెట్టుకోమంటుంది. కాఫీ తాగితే నాకు నిద్రొస్తుంది, అదే ఏడీహెచ్‌డీకి రుజువని ఎవరో అన్నారు. నేను కాఫీ మానాలా, మాత్ర మానాలా? (పీసీఓడీకి గైనకాలజిస్టు ఇచ్చిన 21 రోజుల మాత్రలు కూడా వాడుతున్నాను.)
ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అసలు సంగతిని మీరు బ్రాకెట్లో పెట్టి చివర్లో రాశారు. 21 రోజులు వేసుకుని ఏడు రోజులు ఆపేవి హార్మోన్ మాత్రలు, గర్భనిరోధక మాత్రల కోవలోవి. కాఫీలో ఉండే కెఫీన్‌ను లివర్‌లో సీవైపీ1ఏ2 అనే ఎంజైము విడగొడుతుంది. ఈ హార్మోన్లు ఆ ఎంజైమును నెమ్మదింపజేస్తాయి. మామూలుగా ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి తగ్గడానికి ఐదు గంటలు పడుతుందనుకుంటే, ఈ మాత్రలు వాడే ఆడవాళ్లలో దాదాపు పది గంటలు పడుతుంది. అంటే మీ పక్క సీటు అమ్మాయీ మీరూ ఒకే మెషీన్ దగ్గర ఒకే కప్పు తాగినా, మీ ఒంట్లో అది చాలా ఎక్కువసేపు ఉంటుంది. పీసీఓడీకి చాలామందికి ఇచ్చే మెట్‌ఫార్మిన్‌తో ఈ పేచీ లేదు. మీది ఏ మాత్రో స్ట్రిప్ మీద ఒకసారి చూసుకోండి. చూసుకోమన్నాను గానీ ఆపమనలేదు. దాన్ని ఆపాలా వద్దా అన్నది మీ గైనకాలజిస్టు చూసుకుంటారు.

ఇప్పుడు లెక్క వేద్దాం. మంచి డికాషన్‌తో కలిపిన గ్లాసుడు ఫిల్టర్ కాఫీలో సుమారు 100 మిల్లీగ్రాముల కెఫీన్ అనుకోండి. ఇది ఇల్లును బట్టి మారుతుంది. పొడి ప్యాకెట్ మీద కాఫీ 70, చికోరీ 30 అని ఉంటే ఆ చికోరీ భాగంలో కెఫీన్ ఉండదు. రోబస్టా గింజలో అరబికా కన్నా రెట్టింపు దాకా ఉంటుంది. మెషీన్ కాఫీలు రెండూ కలిపి 120, చాయ్ 40. మన దేశంలో ఎనర్జీ డ్రింకులో లీటరుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన, కాబట్టి 250 మిల్లీలీటర్ల డబ్బాలో ఎక్కువలో ఎక్కువ 75. ఇక తలనొప్పి మాత్ర. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి. మన దగ్గర బాగా అమ్ముడయ్యే తలనొప్పి మాత్రల్లో కొన్నింట్లో పారాసెటమాల్‌తో పాటు 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. మీరు వేసుకునేది అలాంటిదే అయితే మొత్తం 385.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 దాకా ఇబ్బంది లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. ఆ లెక్కన మీరు గీత లోపలే ఉన్నారు. కానీ ఆ గీత మీ మిథైల్‌ఫెనిడేట్ లాంటి ఉత్తేజక మందులు వాడనివాళ్లది. దాన్ని మీకు అంటగట్టడం కుదరదు. పైగా రాత్రి పదకొండున్నరకి మీ ఒంట్లో ఎంత మిగిలి ఉంటుందో చూడండి. ఐదు గంటలకు సగం చొప్పున తగ్గితే 110 చిల్లర. పది గంటల లెక్కన అయితే 200 దగ్గర. అంటే రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీ అప్పుడే తాగి, దీపం ఆర్పి పడుకున్నట్టు. నిద్ర రాలేదంటే వింతేముంది? పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని అమెరికాలో 2013లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. వాళ్లంతా మామూలుగా నిద్రపోయే మనుషులు.

ఇక పదకొండింటి దడ. మీ 18, 36 అంకెల్ని బట్టి చూస్తే, మీ మాత్ర పైపూతలోంచి కొంత మందును వెంటనే వదిలి, మిగతాది గంటల తరబడి మెల్లగా వదిలే రకంలా ఉంది. అలాంటి దాన్ని ఎనిమిదిన్నరకి వేసుకుంటే, రక్తంలో మందు అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది మధ్యాహ్నం మూడు ప్రాంతంలో. కాఫీ అలా కాదు, తాగిన అరగంట నుంచి గంటలోపే పైకి వెళ్తుంది. పదిన్నర కాఫీ పదకొండుకి ఎక్కుతుంది. అప్పటికి ఏడింటి గ్లాసు ఇంకా దిగలేదు, మాత్ర మొదటి విడత పనిలో ఉంది. దడకు మాత్ర ఒక్కటే కారణమైతే మూడింటికి ఇంకా గట్టిగా కొట్టుకోవాలి. మూడింటికి ఎలా ఉంటుందో మీరు రాయలేదు. రేపు గమనించండి, మీ డాక్టరుకు అన్నిటికన్నా ఉపయోగపడే సమాచారం అదే.

రెండూ కలిస్తే ఒంట్లో ఏం జరుగుతుందంటే, మిథైల్‌ఫెనిడేట్ మెదడులో డోపమైన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలను నరాల కణాలు తిరిగి లోపలికి లాక్కుపోకుండా అడ్డుపడుతుంది. దాంతో అవి కాసేపు ఎక్కువగా నిలుస్తాయి, ధ్యాస కుదురుతుంది. కెఫీన్ దారి వేరు. రోజు గడిచేకొద్దీ 'అలిసిపోయావు, ఇక చాలు' అని మెదడుకు చెప్పే అడినోసిన్ అనే రసాయనం ఉంటుంది, కెఫీన్ వెళ్లి దాని సీట్లో కూర్చుంటుంది. అలసట పోదు, అలసిన కబురు అందదు, అంతే. దారులు వేరైనా గుండె దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకే వైపు నెడతాయి. మిథైల్‌ఫెనిడేట్ ఒక్కటే సగటున నాడిని నిమిషానికి మూడు నుంచి ఆరు దాకా, బీపీని రెండు నుంచి నాలుగు పాయింట్ల దాకా పెంచుతుంది. సగటు కాబట్టి కొందరిలో ఇంకా ఎక్కువే. ఈ మందును 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ కెమిస్టు లియాండ్రో పానిజోన్ తయారుచేశాడు. ఆయన భార్య రీటాకు లో బీపీ ఉండేదట. టెన్నిస్ ఆడబోయే ముందు ఇది వేసుకునేదని, రిటాలిన్ అన్న పేరు ఆవిడ పేరు మీదే వచ్చిందని చెబుతారు. బీపీ పెంచడం ఈ మందుకు పుట్టినప్పటి నుంచీ ఉన్న గుణమన్నమాట. దాని మీద కెఫీన్, పక్కన హార్మోన్ మాత్ర (అదీ కొందరిలో బీపీని కాస్త పెంచుతుంది), ఇన్ని ఉన్నప్పుడు మీ బీపీ ఎంతో తెలియకుండా మూడు నెలలు గడపడం నాకు నచ్చలేదు.

కాబట్టి ముందు చేయాల్సింది ఈ వారమే మీ సైకియాట్రిస్టుకు ఫోన్ చేయడం. దడ, వణుకు ఉన్నాయని చెప్పండి. మీరు తాగేవన్నీ టైములతో సహా, తలనొప్పి మాత్ర, హార్మోన్ మాత్ర పేర్లతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కాఫీ గురించి ఆయన అడగాల్సింది, నిజమే. ఓపీలో పది నిమిషాల్లో మిగతావన్నీ అడిగి ఇదొక్కటి వదిలేయడం మా వృత్తిలో తరచూ జరిగేదే. మన ఇళ్లల్లో కాఫీని ఎవరూ మందుల లెక్కలో వేయరు, అందుకని పేషెంట్లూ చెప్పరు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే సరి, లేకపోతే ఒకటి కొనండి. కాఫీ తాగి కనీసం అరగంట దాటాక, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చెయ్యి బల్ల మీద ఆనించి చూసుకోండి. పొద్దున మాత్రకు ముందొకసారి, మధ్యాహ్నం మూడింటికొకసారి, వారం పాటు. 140/90 పదేపదే వస్తున్నా, కూర్చున్నప్పుడు నాడి 100కి దిగకపోయినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు చెప్పేయాలి.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఊపిరి అందకపోవడం, ఊరికే కూర్చున్నా ఆగని దడ, వీటిలో ఏదొచ్చినా ఫోన్లూ కాగితాలూ పక్కన పెట్టి 108కి కాల్ చేయండి, లేదా దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి. డాక్టరు చూసేదాకా తర్వాతి మాత్ర వేసుకోవద్దు. మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయి ఉంటే, మీకు ఇప్పుడు ఏ ఇబ్బందీ లేకపోయినా ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

ఇక కాఫీ మానాలా అంటే, పూర్తిగా మానక్కర్లేదు. ఒక్కసారిగా అసలు మానకండి. రోజుకు ఇంత కెఫీన్ అలవాటైన ఒళ్లు దాన్ని హఠాత్తుగా ఆపితే, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. రెండో రోజుకి ముదిరి, వారం దాకా సాగొచ్చు. దానితో పాటు చిరాకు, మబ్బు, దేని మీదా ధ్యాస నిలవకపోవడం. చూశారా, చివరిది అచ్చం ఏడీహెచ్‌డీయే. చాలామంది కొత్త మాత్ర మొదలుపెట్టిన రోజే 'ఇక మంచి అలవాట్లు' అనుకుని కాఫీకి దండం పెట్టేస్తారు. మూడో రోజు తల పగిలిపోతుంటే ఈ మందు నాకు పడలేదంటూ వస్తారు. మందుదేమీ తప్పుండదు.

మీరు సాయంత్రం వైపు నుంచి వెనక్కి కోసుకుంటూ రండి. ముందు పోవాల్సింది ఆరింటి డబ్బా. దానితో పాటే తలనొప్పి మాత్ర స్థానంలో ఉత్త పారాసెటమాల్ పెట్టండి. మీకు మామూలుగా పడేదైతేనే, అదీ రోజూ కాదు. నాలుగైదు రోజులయ్యాక నాలుగింటి చాయ్ తీసేయండి. ఇంకో నాలుగైదు రోజులకి రెండింటి కాఫీ. పదిన్నర కప్పును ముందు సగం చేసి, తర్వాత తీసేయండి. ఇంట్లో ఏడింటి గ్లాసు జోలికి వెళ్లొద్దు, అది మీది. రోజు మొత్తానికి 100 నుంచి 150 మిల్లీగ్రాములు, అదీ మధ్యాహ్నం పన్నెండు లోపు. మీ పరిస్థితిలో నేనైతే ఇక్కడ ఆగుతాను. ఈ మూడు వారాల్లో మాత్ర డోసు మీరంతట మీరు మార్చకండి. రెండూ ఒకేసారి కదిపితే ఏది దేనివల్లో మీకూ తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు. దడ ఎక్కువగా ఉందని ఆయనే 18కి దించితే అది వేరే సంగతి, దించనివ్వండి.

తిండి గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. ఏడు నుంచి రాత్రి దాకా రాసిన జాబితాలో టిఫిన్ లేదు, భోజనం లేదు. ఈ మందు ఆకలి చంపుతుంది, అది దీని బాగా తెలిసిన దుష్ఫలితం. మాత్ర ఎక్కాక ఇడ్లీ చూసినా వద్దనిపిస్తుంది, కాఫీ మాత్రం దిగుతుంది. ఖాళీ కడుపున కాఫీ పడితే వణుకు ఇంకాస్త, మంట ఇంకాస్త, సాయంత్రానికి తలనొప్పి సిద్ధం. మాత్రకు ముందే తినేయండి. రెండు పెసరట్లో, ఉడకబెట్టిన గుడ్లో, ఏదో ఒకటి కడుపులో ఉండాలి. మధ్యాహ్నం ఆకలి లేకపోయినా టైముకి పెరుగన్నమైనా తినండి. ఏడింటి తలనొప్పి సగం దీనివల్లే కావచ్చు.

అమ్మగారి మాటకు వస్తే, ఆవిడ అన్నది మరీ విడ్డూరమేమీ కాదు. 1973లో ష్నాకెన్‌బర్గ్ అనే డాక్టరు, కుదురు లేని పిల్లలకు ఈ మందుల బదులు కాఫీ ఇస్తే ఎలా ఉంటుందని ఒక అమెరికన్ వైద్య పత్రికలో రాశాడు. తర్వాత వేరేవాళ్లు పరీక్షించి చూశారు. కాఫీ మందుకు సాటి రాలేదు. వచ్చి ఉంటే ఈ పాటికి మీకు ఆ మాత్ర రాసే పని ఉండేది కాదు, అరకు కాఫీ ప్యాకెట్ రాసిచ్చేవాళ్లం. కాఫీ మెలకువగా ఉంచుతుంది. చేతిలో పని సగంలో వదిలేసి ఇంకోదాని మీదికి పోకుండా ఆపడం దానివల్ల అంతగా కాదు. రోగం పేరు తెలియని రోజుల్లో మీరూ కాఫీనే మందులా వాడుకుని ఉంటారు, చాలామంది చేసేదే. ఇప్పుడు ఆ పనికి అసలు మనిషి వచ్చాడు కాబట్టి పాతవాడికి పని తగ్గించాలి. అమ్మగారితో వాదన పెట్టుకోకండి, తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. అలవాటైపోతుందేమోనన్న భయం ఆవిడకు ఉంటుంది. ఆ ప్రశ్న ఆవిడే అడగాలి, జవాబు ఆయన నోటి నుంచే వినాలి.

అన్నయ్య వాడేది వేరే మందు. ఆడరాల్ ఆంఫెటమైన్ జాతిది, మన దేశంలో అమ్మరు. ఆయన హార్మోన్ మాత్రలు వేసుకోరు. ఒకవేళ సిగరెట్ తాగుతారేమో తెలియదు గానీ, పొగ తాగేవాళ్లలో కెఫీన్ త్వరగా కరిగిపోతుంది. మానేస్తే మళ్లీ నెమ్మదిస్తుంది. పుట్టుకతోనే ఈ ఎంజైము చురుగ్గా పనిచేసేవాళ్లు కొందరుంటారు. ఒకే తల్లి పిల్లలైనా కాఫీ విషయంలో ఆయన లెక్క ఆయనది, మీ లెక్క మీది. ఆయన ఊరికొచ్చేటప్పుడు నాలుగు మాత్రలు తెచ్చిస్తానంటే మాత్రం వద్దనండి. ఆంఫెటమైన్ మన చట్టంలో మత్తుమందుల జాబితాలో ఉంది, తెచ్చినవాళ్లకూ తీసుకున్నవాళ్లకూ తలనొప్పే.

కాఫీ తాగితే నిద్ర రావడం రుజువా అంటే, కాదు. కెఫీన్ ఎక్కడానికి అరగంట పడుతుంది, నిద్ర కరువుతో ఉన్న మనిషి ఆలోపే ఒరిగిపోతాడు. రోజుకు నాలుగైదు తాగేవాళ్లకు ఐదోది ఏమీ చేయదు. వేడి పాలు, చక్కెర, భోజనం తర్వాతి మబ్బు, వీటన్నిటి వాటా ఉంటుంది. మీ డాక్టరు మీ స్కూలు రోజుల గురించి అంతసేపు ఎందుకు అడిగారనుకున్నారు? పన్నెండేళ్ల లోపే లక్షణాలు ఉన్నాయా, ఇంట్లోనూ బయటా రెండుచోట్లా కనిపించాయా, ఇవి చూసి నిర్ధారిస్తారు. కాఫీ గ్లాసు చూసి కాదు.

మిగిలింది ఆదివారాలు, మందు దొరకని రోజులు. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి కట్టడి ఉన్నది. చీటీ రెండు ప్రతులుగా రాయాలి, అందులో ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి, దానికి వేరే లైసెన్సు కావాలి. అందుకే గల్లీ చివరి మెడికల్ షాపుల్లో దొరకదు, దొరికేచోట కూడా ఒక్కోసారి స్టాకు ఉండదు. ఇంకా వారం మాత్రలు చేతిలో ఉండగానే వెతకడం మొదలుపెట్టండి. పెద్ద ఆసుపత్రుల్లోని ఫార్మసీలకు ముందే ఫోన్ చేసి అడగండి. ఆదివారం మాత్ర మానడం కొందరి విషయంలో డాక్టర్లే ఒప్పుకుంటారు, మీ విషయంలో ఒప్పుకుంటారో లేదో అడగండి. ఒప్పుకున్నా ఆ రోజు మాత్ర బదులు కాఫీ పెంచకండి. ఆదివారం ఐదు కాఫీలు తాగితే మీ ఎంజైము ఉన్న తీరుకు అవి సోమవారం పొద్దున దాకా సాంతం దిగవు. సోమవారం మాత్ర మళ్లీ వాటి మీదే పడుతుంది.

మూడు వారాలు ఇలా నడిచాక దడ పోయి, నిద్ర పన్నెండులోపు పట్టి, పని మాత్రం ఇప్పటిలాగే కుదురుగా ఉంటే మీకు 36 సరిపోయినట్టే. కాఫీ తగ్గినా దడ అలాగే ఉంటే డోసు తగ్గించడమో, మందు మార్చడమో డాక్టరు ఆలోచిస్తారు. అటామాక్సెటిన్ లాంటి ఉత్తేజకం కాని మందులూ ఉన్నాయి. అవి పని చూపించడానికి కొన్ని వారాలు పడుతుంది, నాడిని అవీ కాస్త పెంచుతాయి. కాఫీ తగ్గించిన మొదటి వారం ధ్యాస కొంచెం చెదురుతుంది. అది చూసి మందు చాలట్లేదనుకుని 54కి పెంచమని మాత్రం అడగకండి.